లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మి, చెవుల్లో హోరు: ఏ వైద్యుణ్ణి కలవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్ళు, తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు. రక్తపోటుకు టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్రను చాలా ఏళ్ళుగా వాడుతున్నారు. ప్రోస్టేట్ వాపు వల్ల రాత్రిళ్ళు పదేపదే లేవవలసి వస్తోందని ఈమధ్యే టామ్సులోసిన్ కూడా మొదలుపెట్టారు. మొన్న తెల్లవారుజామున మూత్రానికి లేచినప్పుడు ఉన్నట్టుండి రెండు కళ్ళకూ చీకట్లు కమ్మి, చెవుల్లో హోరు మొదలై, తల తిరిగి, ఒళ్ళంతా చెమటలు పట్టాయట. గోడ పట్టుకొని అక్కడే కూలబడిపోయారు. నిమిషం లోపే చూపు తిరిగి వచ్చింది, స్పృహ మాత్రం తప్పలేదు. కంటి వైద్యుడు పరీక్షించి రెటీనా (కంటి లోపల వెనుక ఉండే, చూపునిచ్చే పొర) బాగానే ఉందన్నారు. బంధువుల్లో కొందరు పైత్యమంటున్నారు, కొందరు చెవి జబ్బంటున్నారు. కళ్ళు, చెవులు, తల ఒకేసారి ఎందుకు ఇబ్బంది పెట్టాయో, ముందు ఎవరికి చూపించాలో దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం (జనరల్ మెడిసిన్ వైద్యుడు)

అమ్మా, మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే జబ్బు కంటిలోనూ చెవిలోనూ కాక, ఆ రెంటికీ రక్తం చేరడంలో ఉందనిపిస్తోంది. మనిషి పడుకున్న చోటు నుంచి లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్ళలోకి, పొట్ట భాగంలోకి జారుతుంది. అప్పుడు రక్తనాళాలు వెంటనే బిగుసుకొని, గుండె కాస్త వేగంగా కొట్టుకొని ఆ లోటును సరిచేయాలి. టామ్సులోసిన్ ప్రోస్టేట్ దగ్గర కండరాలను వదులు చేయడంతో పాటు కొందరిలో రక్తనాళాలు బిగుసుకోవడాన్ని కూడా కొంత అడ్డుకుంటుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రంలో బయటికి పంపుతుంది. రాత్రంతా నీళ్ళు తాగకుండా పడుకున్న మనిషి ఈ రెండు మందుల ప్రభావంలో ఉండగా లేచి, నిలబడి మూత్ర విసర్జన చేస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోవడంలో ఆశ్చర్యం లేదు.

అందులోనూ చూపే ముందు మసకబారడానికి కారణం ఉంది. కంటి గుడ్డులో సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల (రక్తపోటు లాగే పాదరసం కొలతలో) ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది; రక్తం ఆ ఒత్తిడిని దాటుకొని రెటీనాలోకి వెళ్ళాలి. అందువల్ల మెదడుకు ఇంకా కొంత రక్తం అందుతూ ఉండగానే రెటీనాకు అందకుండా పోవచ్చు. యుద్ధ విమానాలను ఒక్కసారిగా మలుపు తిప్పినప్పుడు పైలట్లకు స్పృహ తప్పడానికి ముందే చూపు నల్లబడేది ఇందుకే. లోపలి చెవికి రక్తాన్ని తెచ్చేది కూడా ఒకే ఒక సన్నని ధమని, దానికి ప్రత్యామ్నాయ మార్గం లేదు. కాబట్టి చెవుల్లో హోరు కూడా ఈ సమయంలోనే వినిపిస్తుంది.

ముందుగా జనరల్ మెడిసిన్ వైద్యుణ్ణి కలవండి. ఈసీజీ, హిమోగ్లోబిన్, రక్తంలో చక్కెర, సోడియం, పొటాషియం చూడాలి. మలం తారులా నల్లగా వస్తోందేమో కూడా అడగండి, ఎందుకంటే కడుపులో రక్తస్రావం కూడా ఇలాగే బయటపడవచ్చు. మందులను మాత్రం సొంతంగా ఆపవద్దు.

కొన్ని లక్షణాలుంటే విషయం వేరు. ఒక్క కంటికే తెర దించినట్టు చూపు పోయినా, ఒకటి రెండుగా కనిపించినా, మాట ముద్దగా వచ్చినా, చేయో కాలో పట్టు తప్పినా అది పక్షవాతానికి ముందస్తు హెచ్చరిక కావచ్చు. నిమిషాల్లో సర్దుకున్నా సరే, వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కూర్చుని లేదా పడుకుని ఉండగా గుండెదడతో కళ్ళు చీకట్లు కమ్మితే గుండె లయను అనుమానించాలి. నాన్నగారి వయసులో కణతల దగ్గర నొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి తోడైతే ధమనుల వాపు ఉందేమో ఆ రోజే తేల్చుకోవాలి. ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోవచ్చు.

రెండవ సమాధానం

మా అమ్మకు చక్కెర వ్యాధి వల్ల నరాలు దెబ్బతిని ఇదే ఇబ్బంది వచ్చింది. ఆసుపత్రిలో కూర్చోబెట్టి చూసినప్పుడల్లా రక్తపోటు బాగానే ఉండేది. అందుకే మీరు ఇంట్లోనే నాన్నగారిని 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడిన నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకు మరొకసారి చూసి రాసుకోండి. పక్కన ఒక మనిషి పట్టుకొని ఉండాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితాన్ని వైద్యుడికి చూపించండి. మంచం మీద కాసేపు కూర్చుని, పాదాలు ఆడించి, పిడికిళ్ళు బిగించి, ఆ తర్వాతే లేవమనండి. మూత్రం కూర్చునే పోయమనండి. చూపు మసకబారుతున్నట్టు అనిపించిన క్షణంలోనే, గోడ కోసం వెతకకుండా, ఉన్నచోటే నేల మీద పడుకోవడం మంచిది. తుంటి ఎముక విరిగితే ఈ వయసులో కోలుకోవడం చాలా కష్టం.

మూడవ సమాధానం

నాన్నగారి విషయం కాకపోయినా, ఇది చదివే యువతుల కోసం రాస్తున్నాను. వంగి లేచినప్పుడు కొన్ని క్షణాలు చూపు పోవడం, చెవుల్లో నాడితో పాటే కొట్టుకునే శబ్దం, రోజూ తలనొప్పి నాకు ఉండేవి. రక్తపోటు సరిగానే ఉంది. కంటి వైద్యురాలు లోపలి నరం ఉబ్బిందని గుర్తించి ఎమ్మారై రాశారు. పుర్రె లోపల ఒత్తిడి పెరిగిందని తేలింది. బరువు పెరిగిన యువతుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుందనీ, మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ లాంటి మందులు కూడా కారణం కావచ్చనీ చెప్పారు. నిర్లక్ష్యం చేస్తే చూపు దెబ్బతింటుంది కాబట్టి, శబ్దం నాడితో కలిసి వస్తోందో లేదో దయచేసి గమనించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పడుకున్నప్పుడు 136/82, నిలబడిన నిమిషానికి 108/70, మూడు నిమిషాలకు 110/70 వచ్చింది. ఈసీజీ, రక్త పరీక్షలు బాగున్నాయి. వైద్యుడు హైడ్రోక్లోరోథయజైడ్ లేని మాత్రకు మార్చారు. ప్రోస్టేట్ మందు గురించి మూత్రకోశ వైద్యుడితో మాట్లాడతామన్నారు. ఉప్పు ఎక్కువ తినమని ఒక బంధువు చెప్పారు, తినవచ్చునా?

మొదటి సమాధానమిచ్చిన వైద్యుడు

వద్దమ్మా. పడుకున్నప్పుడు ఆయన రక్తపోటు తక్కువగా లేదు. ఉప్పు పెంచితే అది ఇంకా పెరుగుతుంది. గుండె, మూత్రపిండాల జబ్బు లేకపోతే పగటిపూట నీళ్ళు తగినంత తాగించి, రాత్రి పడుకునే ముందు తగ్గించండి. మందు మారింది కాబట్టి రెండు వారాల పాటు పడుకున్నప్పటి, నిలబడినప్పటి అంకెలు రెండూ రాసిపెట్టి మళ్ళీ చూపించండి. అప్పటి వరకు రాత్రిపూట మంచం పక్కనే మూత్రం డబ్బా ఉంచండి.