200 బీఆర్ఎం అయింది, 400 వదిలేసి డిసెంబర్లో 600 కి వెళ్ళొచ్చా?

ఖమ్మం_సైకిల్:

అందరికీ నమస్కారం. నాకు 41, బ్యాంకులో పని, పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఏడింటి దాకా కుర్చీలోనే. మూడేళ్ళ కింద షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ గారు చెప్తే సైకిల్ కొన్నా, గేర్లున్న హైబ్రిడ్. మొదట్లో మున్నేరు బ్రిడ్జి దాకా వెళ్ళొస్తేనే కాళ్ళు లాగేసేవి, తర్వాత వైరా, తర్వాత సత్తుపల్లి, అలా దూరం పెరుగుతూ పోయింది. మొన్న హైదరాబాద్ వెళ్ళి నా మొదటి 200 బీఆర్ఎం చేశా, అంటే దారిలో కంట్రోల్స్ అనే చోట్ల కార్డు మీద స్టాంపు వేయించుకుంటూ 200 కిలోమీటర్లు టైం లిమిట్ లోపల తొక్కే రైడ్. 12 గంటల 50 నిమిషాలు పట్టింది, లిమిట్ 13న్నర కదా, చివరి 20 కిలోమీటర్లు వాచీ చూసుకుంటూనే తొక్కా. కార్డు మీద ఆఖరి స్టాంపు పడ్డాక నా వేళ్ళు వణుకుతున్నాయి, అది చలికో అలసటకో సంతోషానికో ఇప్పటికీ తెలీదు. ఆ కార్డు దేవుడి పటాల పక్కన పెట్టా.

ఇప్పుడు సంగతేంటంటే నవంబర్లో 300 ఉంది, డిసెంబర్లో 600 ఉంది, మధ్యలో 400 లేదు, అది జనవరిలో. నాకు డిసెంబర్లో లీవ్ దొరుకుద్ది, జనవరి నుంచి బ్రాంచిలో ఊపిరాడదు. 300 చేసి నేరుగా 600 కి వెళ్ళిపోతే ఎలా ఉంటుంది? 400 తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఒకే సీజన్లో 200, 300, 400, 600 నాలుగూ అయిపోతే సూపర్ రాండనూర్ అంటారు కదా, ఆ మాట మనసులో పడ్డ దగ్గర్నుంచి నిద్ర పట్టట్లేదు.

రెండు ఇబ్బందులున్నాయి. 150 దాటాక ఏం తిన్నా కడుపులో నిలవలేదు, ఇంకోటి ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు వారం రోజులు తిమ్మిరిగానే ఉన్నాయి. మూడోది ఇంట్లో. మా ఆవిడ "రాత్రంతా హైవే మీద లారీల మధ్య ఒక్కడివే తొక్కుతావా, పిల్లలున్నారు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. తను అడిగిందాంట్లో తప్పు కూడా లేదు.

పాలమూరు_దారి:

తమ్మీ ముందుగాల శుభాకాంక్షలు, కూసునే ఉద్యోగం చేస్కుంట 200 కొట్టుడు మామూలు ముచ్చట కాదు. గని ఒకటి చెప్పు, ఆ 12 గంటల 50 నిమిషాలల్ల తొక్కింది ఎంత, ఆగింది ఎంత?

ఖమ్మం_సైకిల్:

స్ట్రావా యాప్‌లో మూవింగ్ టైం 10 గంటలు చూపిస్తోందన్నా.

పాలమూరు_దారి:

గదే నేను అనుకున్న. అంటే నువ్వు తొక్కినప్పుడు గంటకు 20 తొక్కుతున్నవ్, గది మంచి స్పీడే, దాంతోని 600 అయితది. గని 2 గంటల 50 నిమిషాలు ఆగినవ్. గిట్లనే ఆగుకుంట పోతే 600 కి 38న్నర గంటలైతది, లిమిట్ 40, నిద్రకు గంటన్నరే మిగుల్తది. నీ కాళ్ళకు ఏం రోగం లేదు తమ్మీ, టైమంత హోటళ్ళ కాడ పోతున్నది. కంట్రోల్ కాడ స్టాంపు ఏసుకుని, బాటిళ్ళు నింపుకుని, ఏదన్న చేతిల పట్టుకుని పది నిమిషాలల్ల కదలాలె. పోరగాళ్ళు ఫోటోలు దిగుకుంట అరగంట కూసుంటరు, ఆడనే అంత పాడయితది.

ఇంక లెక్క జూడు. పొద్దుగాల 6 కు మొదలైతే 350 కిలోమీటర్లు రాత్రి రెండున్నర దాక అయితది, ఆగుడు మొత్తం మూడు గంటలకు తగ్గిస్తే. మూడు గంటలు పండుకుంటే అయిదున్నర. ఇంక 250 ఉంటది, టైం పదహారున్నర గంటలుంటది. అంటే రెండో దినం గంటకు 15 మీద కొంచెం, ఆగుడుతోని కలిపి. చూస్తానికి అలకగ ఉంటది గని కంట్రోల్ టైం గూడ గంటకు 15 లెక్కనే మూస్తరు, 400 కాడ కంట్రోల్ ఉంటే 8 గంటల 40 కి బంద్. నువ్వు అయిదున్నరకు లేస్తివా, సరిపోతది. ఏడింటికి లేస్తివా, ఇంక అందుకోలేవ్.

గిప్పుడు 400 ఎందుకు కావాల్నో చెప్త. 300 కి 20 గంటలిస్తరు, పొద్దుగాల మొదలు పెడితే రాత్రి పన్నెండింటికో ఒంటి గంటకో ఇంట్ల పడొచ్చు. అంటే నువ్వు తెల్లారుజామున మూడు నుంచి అయిదు దాక ఎన్నడు సైకిల్ మీద లేవు. ఆ రెండు గంటలే 600 ల అసలు పరీక్ష. 400 కి 27 గంటలు, అండ్ల ఆ రెండు గంటలు తప్పకుంట వస్తయి. నీ పెయ్యి ఆ టైంల ఎట్ల చేస్తదో నీకు ముందుగాల తెలవాలె. 600 ల మొదటిసారి తెల్సుకునుడు వద్దు.

ఇంకోటి, రూటు జూడు. కర్నూల్ దిక్కు పోయే రూటయితే పోయేటప్పుడు దిగుడే ఎక్కువ, జడ్చర్ల, పెబ్బేరు, బీచుపల్లి కాడ కృష్ణ బ్రిడ్జి, అలంపూర్ చౌరస్తా, మస్తు ఖుషీ అనిపిస్తది. హైదరాబాద్ కర్నూల్ కన్న సుమారు 250 మీటర్లు ఎత్తుల ఉంది, గదంత మళ్ళ ఎక్కాలె, చలికాలం గాలి గూడ ఎదురుంగ తగులుతది. శ్రీశైలం దిక్కు రూటయితే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 కి మూసి పొద్దుగాల 6 కి తీస్తరు, పులులున్న అడివి గది, నీ లెక్క అంత ఆ గేటు చుట్టు తిరుగుతది.

గుంటూరు_టీచర్:

మీ ఆవిడ గారు అడిగిన ప్రశ్నకి నేను చెప్తా తమ్ముడూ, ఎందుకంటే మా అత్తగారు నన్ను అదే ప్రశ్న అడిగారు, ఇంకా గట్టిగా.

నేను ఆవిడకి రూల్స్ చూపించా. రాత్రి పూట ముందు లైటు, వెనక లైటు సైకిల్‌కే బిగించి ఉండాలి, రిఫ్లెక్టివ్ జాకెట్ ఉండాలి, హెల్మెట్ లేకపోతే మొదలే పెట్టనివ్వరు. ఇది పందెం కాదు, ఫస్ట్ సెకండ్ లేవు, లిస్టులో అందరూ ఒకటే, 28 గంటల్లో వచ్చినా 39 గంటల్లో వచ్చినా అదే మెడల్. కాబట్టి ఒకళ్ళని దాటాలని లారీ పక్కన దూరాల్సిన పనే లేదు. నేను వెనక లైట్లు రెండు పెట్టుకుంటా, ఒకటి ఆరిపోతే మనకి తెలీదు కదా, వెనక చూసుకోం. ఫోన్లో లైవ్ లొకేషన్ మా ఆయనకి, మా అత్తగారికి ఇద్దరికీ పెడతా. రాత్రి ఎప్పుడూ ఒక్కదాన్నే తొక్కను, నా స్పీడు వాళ్ళు ఇద్దరు ముగ్గురు దొరికేదాకా కంట్రోల్ దగ్గర ఆగుతా, టైం పోయినా సరే.

కానీ ఇవన్నీ చెప్పినా అసలు మాట వేరే ఉంది, అది కూడా చెప్పా ఆవిడకి. నా మొదటి 400 లో తెల్లారుజామున మూడున్నరకి రోడ్డు అంచున తెల్ల గీత మీద చూపు పెట్టి తొక్కుతున్నా. ఉన్నట్టుండి ఆ గీత నాకు ఎడమ పక్క కాకుండా కుడి పక్కన ఉంది. రోడ్డు దిగి మట్టిలోకి వచ్చేశా, ఎప్పుడు వచ్చానో తెలీదు, కళ్ళు తెరిచే ఉన్నాయి. నిద్రపోయానని కూడా అనిపించలేదు. అదే నేను ఎడమకి కాకుండా కుడికి జరిగుంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. ఒక కిలోమీటరు నడిపించుకుంటూ పెట్రోల్ బంకుకి వెళ్ళా. అక్కడ వాచ్‌మన్ పెద్దాయన ఒక అట్టపెట్టె చింపి పరిచి "పడుకో అమ్మా నేను లేపుతా" అన్నాడు. ఇరవై నిమిషాలు. నిజంగా లేపాడు, టీ కూడా పోశాడు, డబ్బులు తీసుకోలేదు. ఆ ఇరవై నిమిషాల తర్వాత ప్రపంచమే మారిపోయింది, తెల్లారింది, మిగతా 110 కిలోమీటర్లు హాయిగా వచ్చేశా.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక ఒప్పందం. ఒకసారి కళ్ళు మూతపడ్డాయా, వెంటనే దిగాలి. టైం ఎంతున్నా. రెండోసారి దాకా చూడకూడదు. మా అత్తగారు అదొక్కటే నా చేత ఒట్టేయించుకున్నారు, ఇప్పుడు ఆవిడే పులిహోర కట్టిస్తారు. మీరూ ఆ మాట ఇవ్వండి ఇంట్లో, ఇచ్చాక తప్పకండి.

కడుపు గురించి, మీరు 150 దాకా ఏం తిన్నారో రాయలేదు. ఎనర్జీ జెల్లులు, తీపి డ్రింకులు వరసగా తాగితే నాకూ అంతే అవుద్ది. నేను పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం ఎండ ముదరకముందే పెరుగన్నం, జేబులో పల్లీ పట్టీ, అరటిపండు, ప్రతి ముప్పావు గంటకి కొంచెం. ఆకలేశాక తిందాం అనుకుంటే అప్పటికే ఆలస్యం, అప్పుడు ఒక్కసారే ప్లేటు బిర్యానీ తింటారు, అది తిరగబడుద్ది.

ఫిజియో_నెల్లూరు:

వేళ్ళ సంగతి తేలిగ్గా తీసుకోవద్దండి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరి అంటే అల్నర్ నరం, అరచెయ్యి అంచున హ్యాండిల్ ఒత్తిడి దాని మీదే పడుతుంది. హైబ్రిడ్‌కి తిన్నని హ్యాండిల్ కదా, గంటల తరబడి చెయ్యి ఒకే చోట ఉంటుంది. చివర్లకి పట్టుకోడానికి కొమ్ముల్లాంటి బార్ ఎండ్స్ బిగించుకోండి, పది నిమిషాలకోసారి పట్టు మార్చండి. దానికంటే ముందు సీటు చూడండి, ముక్కు కిందకి వాలి ఉంటే ఒళ్ళు ముందుకి జారి బరువంతా చేతుల మీదకే వస్తుంది, చాలామందికి ఇదే కారణం. ఆ తిమ్మిరి పూర్తిగా పోకుండా మాత్రం ఇంకో పెద్ద రైడ్‌కి వెళ్ళకండి, పట్టు బలహీనపడిందంటే బ్రేక్ కూడా సరిగ్గా నొక్కలేరు.

నీళ్ళ గురించి ఒక మాట. చెమటలో నీళ్ళతో పాటు ఉప్పు కూడా పోతుంది, వట్టి నీళ్ళే లీటర్లు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, తలనొప్పి, మరీ ఎక్కువైతే స్పృహ తప్పడం. రెండు బాటిళ్ళు ఉంటే ఒకదాంట్లో ఓఆర్ఎస్ కలపండి, దార్లో ఉప్పేసిన మజ్జిగ దొరికితే ఇంకా మంచిది. షుగర్ బోర్డర్ అన్నారు, మందులేమైనా వాడుతుంటే ఇన్ని గంటల శ్రమకి డోసు సంగతి మీ డాక్టర్ గారినే అడగండి, ఇక్కడ మేం చెప్పేది కాదు.

మధ్యలో_ఆగినవాడు:

అన్నా నేను పోయిన సీజన్లో 600 లో 430 దగ్గర ఆపేశా, అందుకే రాస్తున్నా. కాళ్ళు బాగానే ఉన్నాయి, నిద్ర కూడా రెండు గంటలు పోయా. నన్ను ఆపింది ఒక తీగ ముక్క. లారీ టైర్లు పేలి హైవే అంచున పడుంటాయి చూడు, వాటిలోంచి సన్న తీగలు రాలతాయి, వెంట్రుకకన్నా కొంచెం లావు అంతే, మనం తొక్కేది ఆ అంచునే. పంచర్ అయింది, ట్యూబ్ మార్చా, పది కిలోమీటర్లకి మళ్ళీ పంచర్. రెండో ట్యూబూ వేశా, మళ్ళీ. అప్పుడు కూర్చుని రెండు ట్యూబుల్లో బొక్క ఎక్కడుందో వాల్వు దగ్గర్నుంచి జానతో కొలిచి చూస్తే ఒకే చోట ఉంది, అప్పుడు అర్థమైంది తీగ టైర్లోనే ఉందని. వేలితో తడిమితే తెలీలా, టైరు వంచి లోపలికి హెడ్‌లైట్ వేసి చూస్తే మెరిసింది, గోటికి అందలేదు. చివరికి ఒక మెకానిక్ షాపు తెరిచేదాకా కూర్చుని కట్టింగ్ ప్లేయర్‌తో లాగా. రెండున్నర గంటలు పోయాయి, కంట్రోల్ మూసేశారు.

కాబట్టి మొదటి పంచర్‌కే టైరంతా లోపల వెతుకు, కొంచెం దూది తిప్పితే తీగకి పట్టుకుంటుంది, కనుబొమలు పీకే చిన్న పట్టకారు సంచిలో పెట్టుకో. ట్యూబులు మూడు, ప్యాచులు, పంపు. మనకి వెనకాల సపోర్ట్ కారు ఉండకూడదు కదా, కంట్రోల్ దగ్గర తప్ప ఎవరి సాయమూ ముందుగా పెట్టుకోకూడదు, కాబట్టి నీ సంచిలో ఉన్నదే నీకు దిక్కు.

ఆపేసిన రోజు బస్సులో సైకిల్ వేసుకుని వస్తుంటే చాలా ఏడుపొచ్చింది. మా నాన్న స్టాండ్‌కి వచ్చి సైకిల్ దింపించి "430 తొక్కినోడివి మన వీధిలో ఎవడున్నాడ్రా" అన్నాడు. ఈ సీజన్ మళ్ళీ వెళ్తున్నా.

బెంగళూరు_తెలుగు:

నేను 2019 లో ఫ్రాన్స్‌లో జరిగే ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్ రైడ్‌కి వెళ్ళా, 1200 పైన కిలోమీటర్లు, 90 గంటలు. మన దేశం నుంచి చాలామంది వెళ్ళాం, పూర్తి చేసింది తక్కువమంది. బ్రెస్ట్ వెళ్ళేదాకా ఎదురుగాలి, రాత్రుళ్ళు మనం ఎరగని చలి. అక్కడ పల్లెల్లో ముసలమ్మలు అర్ధరాత్రి గుమ్మం ముందు బల్ల వేసుకుని కాఫీ పోస్తూ నిలబడతారు, దారి పక్క గడ్డిలో వెండి రంగు రేకు కప్పుకుని జనం నిద్రపోతుంటారు. ఆ రెండో రాత్రి నన్ను కాపాడింది ఒకటే, నా ఒంటికి ఎన్ని గంటలకి నిద్రొస్తుందో నాకు ముందే తెలుసు. అది ఇక్కడ 400 లలో తెలుసుకున్నదే. ఆ రైడ్ నాలుగేళ్ళకోసారి, మళ్ళీ 2027 లో. పాలమూరు అన్న చెప్పిందే నా మాట కూడా, 400 వదలొద్దు.

ఖమ్మం_సైకిల్:

అందరికీ చాలా థాంక్స్, రాత్రి కూర్చుని అన్నీ చదివా, మా ఆవిడకి కూడా చదివి వినిపించా. గుంటూరు అక్క రాసిన గీత సంగతి దగ్గర తను నన్ను ఆపి మళ్ళీ చదవమంది. రెండోసారి విన్నాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "300 కి వెళ్ళు, ఆఖరి కంట్రోల్ దగ్గరికి నేనూ పిల్లలూ వస్తాం" అంది. నేను ఒట్టేశా, ఒక్కసారి కన్ను మూతపడితే దిగిపోతానని.

డిసెంబర్ 600 కి పేరు ఇవ్వట్లేదు. జనవరి 400 కి ఒక్కరోజు లీవ్ అడిగా, మేనేజర్ గారు చూద్దాం అన్నారు. ఈ ఆదివారం సత్తుపల్లి దాకా వెళ్ళి ఆగే టైం రాసుకుంటా, ఎక్కడ ఎన్ని నిమిషాలు పోతున్నాయో. సీటు చూశా, నిజంగానే ముక్కు కిందకి వాలి ఉంది, రెండు మిల్లీమీటర్లు లేపా, వేళ్ళు కాస్త నయం.

బార్ ఎండ్స్ ఖమ్మంలో రెండు షాపుల్లో అడిగా, లేవన్నారు. హైదరాబాద్‌లో కోఠి వైపు దొరుకుతాయా, 22 మిల్లీమీటర్ల హ్యాండిల్‌కి సరిపోయేవి? ఎవరైనా ఈ మధ్య కొన్నవాళ్ళుంటే చెప్పండి.

పాలమూరు_దారి:

నా తాన ఒక పాత జత పడి ఉంది తమ్మీ, కొనకు. 300 కి వస్తవు గద, స్టార్ట్ కాడ అయిదున్నరకు కలువు, అలెన్ కీ తెస్త, ఇద్దరం కల్సి బిగిద్దాం.