అప్‌డేట్: సిల్క్‌బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో ధ్యాస తప్పడం, కారణం దొరికింది

బెంగళూరులో ఆఫీసు నుంచి వస్తూ రెండుసార్లు ముందు బండికి తగిలించానని, కళ్ల సమస్యా, నిద్ర చాలకా అని మొన్న అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. కళ్లు బాగున్నాయి, బీ12 కూడా సరిగ్గానే ఉంది. సైకియాట్రిస్టుకు చూపించమన్న అక్క మాటే నిజమైంది: ఏడీహెచ్‌డీ, అంటే చిన్నప్పటి నుంచీ ధ్యాస నిలవని సమస్య. డాక్టరుగారు అమ్మతో మాట్లాడి, నా పాత ప్రోగ్రెస్ కార్డులు కూడా చూశారు. దీని లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపిస్తాయట.

దానికి రాసిన మిథైల్‌ఫెనిడేట్ అనే మందు మొదలయ్యాక పొద్దున డ్రైవింగ్ కుదుటపడింది, సాయంత్రం మాత్రం మళ్లీ అదే తంతు. నేను వేసుకునే మాత్ర దాదాపు 4 గంటలే పనిచేస్తుందట! ఎక్కువసేపు పనిచేసే రకానికి మార్చారు. ఇప్పుడు ముందు బండి ఎర్రలైటు వెలగగానే కాలు బ్రేకు మీదికి వెళుతోంది. ఫోన్ డిక్కీలోనే. ఏ టైములో ధ్యాస తప్పుతోందో రాసుకుని వెళ్లండి, నా విషయంలో డాక్టరుకు పనికొచ్చింది అదే.