కాగితపు గూడా, మందిరమా? ఒక పేరు కావాలి

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక మాట కోసం వచ్చాను.

మూడు వారాలుగా ఇంట్లో అట్టముక్కలు ముందేసుకుని కూర్చున్నాను. మెక్సికోలో ‘నిచో’ అని చేస్తారు. చిన్న పెట్టె, లోపల ఒక పుణ్యపురుషుడి బొమ్మో, పోయినవాళ్ల ఫొటోనో ఉంటుంది. చుట్టూ రేకు పూలు, అద్దం ముక్కలు, కళ్లు చెదిరే రంగులు. ఒకావిడ అదే కాగితంతో, రెండు తలుపులు పెట్టి చేసింది చూశాక చేతులు ఊరుకోలేదు. నాది మన సరుకుతో చేశాను. పాత శుభలేఖలు, పట్టుచీర నుంచి ఊడిన జరీ అంచు, చెమ్కీలు, కుందన్లు. లోపల మా అమ్మమ్మ ఫొటో.

పని అయింది కానీ పేరు దగ్గర ఆగిపోయాను. ‘కాగితపు మందిరం’ అంటే మా ఆయన “ప్రారంభోత్సవానికి ఎవర్ని పిలుస్తున్నావ్?” అన్నారు. గుడి అంటే ముందు ధ్వజస్తంభం ఉండాలనిపిస్తుంది. నాకు ‘కాగితపు గూడు’ బాగుంది. మా అమ్మాయేమో గూడంటే పక్షులదే అంటోంది.

ఇంకో సందేహం కూడా ఉంది. ‘ఫలానా ఆవిడ డిజైన్ నుంచి స్ఫూర్తి పొంది’ అని రాస్తే అవార్డు తీసుకుంటూ మాట్లాడుతున్నట్టుంది. దానికి ఇంట్లో వాడుకునే మాట ఏదైనా ఉందా?

వ్యాఖ్య: గూడే అనండి, సందేహం వద్దు. మట్టిగోడల ఇళ్లలో వీధి తలుపు పక్కన గోడలోకి తొలిచి ఉండేది దీపం గూడు. పైఅంచున మసి పట్టి నల్లగా ఉండేది. పగటిపూట అందులో దువ్వెన, అగ్గిపెట్టె, నాన్న చిల్లర. తులసికోటకి ముందువైపు ఉండేదాన్నీ గూడనే అంటాం. పట్టుపురుగుకీ గూడుంది, సాలెపురుగుకీ గూడుంది, ఎముకలకీ గూడుంది. పైకప్పున్న బండి గూడుబండి, పడవైతే గూటిపడవ. పక్షి ఒక్కదానికే రాసివ్వలేదు.

“గూట్లో దీపం, నోట్లో ముద్ద” అని మా నాయనమ్మ రోజూ అనేది, దీపం పెట్టేవేళకి అన్నాలు అయిపోవాలని. ఆ సామెత చెవికి అంత ఇంపుగా ఎందుకుంటుందో ఈమధ్యే తట్టింది. గూడు, నోరు రెండూ ఔపవిభక్తికాలు, అంటే విభక్తి చేరేముందు రూపం మార్చుకునే మాటలు. ‘లో’ చేరేముందు రెండింటికీ ‘టి’ వస్తుంది: గూటిలో, నోటిలో. ప్రాస కోసం ఎవరూ కష్టపడలేదు, వ్యాకరణమే కుదిర్చిపెట్టింది.

వ్యాఖ్య: పై వ్యాఖ్యకి ఒక సాక్ష్యం. స్పానిష్‌లో నిచో అన్నా అసలు అర్థం గోడలో తొలిచిన గూడే. గోడలోంచి పెట్టెలోకి వచ్చినా పేరు మారలేదు. వాళ్ల మాట, మన మాట బయల్దేరింది ఒకే చోటునుంచి.

పెరూలో ఇలాంటి తలుపుల పెట్టెనే రెతాబ్లో అంటారు. ఆ మాటకి మూలం లాటిన్‌లో, ‘బల్ల వెనకది’ అని. చర్చిలో పూజ జరిగే బల్ల వెనక నిలబెట్టే పటం అన్నమాట. అయకుచో ఊరివాళ్లు బంగాళాదుంప, జిప్సం కలిపిన ముద్దతో బొమ్మలు చేసి అందులో నిలబెడతారు. 1975లో హొవాకిన్ లోపెస్ అంతాయ్ అనే రెతాబ్లో కళాకారుడికి అక్కడి జాతీయ సంస్కృతి పురస్కారం ఇస్తే, ఇది చేతిపనే గానీ కళ కాదని చిత్రకారులు కొందరు గొడవ చేశారు. అమ్మా, మీ కాగితపు పనినీ ఎవరైనా అలా అంటే ఈ సంగతి చెప్పండి.

వ్యాఖ్య: తలుపులు ఉన్నాయన్నారుగా, అయితే మందసం. మా తాతగారి సాలగ్రామాలుండే చెక్కపెట్టెని మేం మందసం అనేవాళ్లం. ఆయన స్నానం చేసి వచ్చి తెరిస్తే తప్ప మేం ముట్టుకోకూడదు.

వ్యాఖ్య: మందసం మంచి మాటే. అయితే అది మూసి దాచేది. తెలుగు బైబిల్లో నిబంధన మందసం కూడా ముట్టుకోకూడనిదే. గూడు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇంతకీ మీ తలుపులు మూస్తున్నారా, తెరిచి ఉంచుతున్నారా?

అడిగినవారు: మూద్దామనే పెట్టాను. గుడ్డపీలికలు అంటించి మడతబందుల్లా కూడా చేశాను. ఒకసారి మూసి చూస్తే అమ్మమ్మకి ఊపిరాడదేమో అనిపించి మళ్లీ తెరిచాను. అప్పట్నుంచి తెరిచే ఉన్నాయి.

వ్యాఖ్య: అక్కా, మా దిక్కు బోనాలకు తొట్టెల చేస్తరు, చూసిన్రా? సన్నటి వెదురు పుల్లలు కట్టి, రంగురంగుల కాగితాలు అతికిచ్చి, గుడి లెక్క అంతస్తులు లేపి అమ్మవారికి సమర్పిస్తం. తొట్టెల అంటె ఊయలనే. ఆషాఢంల గోల్కొండ కాడ మొదలైతది, తర్వాత సికింద్రాబాద్, ఆ తర్వాత లాల్‌దర్వాజ. మీరు మెక్సికో దాంక పోయిన్రు గని, కాగితంతోని దేవునికి ఇల్లు కట్టుడు మన తానే ఉన్నది.

వ్యాఖ్య: మా కోనసీమలో ప్రభలు కూడా లెక్కలోకి తీసుకోండి మరి. వెదురు, రంగుబట్టలు, నెమలీకలు. కనుమ నాడు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల రుద్రులు వాటిమీదే వస్తారు. చిన్నసైజు అనడానికి మాత్రం వీల్లేదు, మనుషులు భుజాలు మార్చుకుంటూ మోస్తారు. అన్నట్టు ఫొటో వెనక కమానులా కత్తిరించిన అట్ట ఏదైనా పెట్టి ఉంటే దానికి పేరు వెతకక్కర్లేదు. ప్రభావళి.

అడిగినవారు: ఉంది, చెప్పడం మర్చిపోయాను! దాంతోనే నానా అవస్థ పడ్డాను. శుభలేఖ కాగితానికి మైదా జిగురు దట్టంగా పట్టించి ముందువైపు అంటిస్తే, తెల్లారేసరికి అట్ట విల్లులా వంగింది. తడిసి సాగిన కాగితం ఆరుతూ ముడుచుకుని అట్టని తనవైపు లాగేస్తుందట. రెండోసారి వెనకవైపు కూడా పాత న్యూస్‌పేపర్ అంటించి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టి రెండు రోజులు కదపలేదు. ఇప్పుడు నిటారుగా ఉంది.

వ్యాఖ్య: కాగితం, గుడ్డ, అద్దం అన్నీ కలిపి చేసే ఈ పద్ధతికి ‘మిశ్రమ మాధ్యమ కళ’ అనే మాట ఉందండీ.

వ్యాఖ్య: ఉంది గానీ, అది వింటే పేపరూ టీవీ ఒకే ఆఫీసులో నడుపుతున్నట్టుంది. మాధ్యమం అనగానే ఇప్పుడు అందరికీ తోచేది వార్తలే. ‘కలగలుపు పని’ అంటే చాలదా?

వ్యాఖ్య: రెండో ప్రశ్నని అందరూ వదిలేశారు. స్ఫూర్తి బదులు ‘ఒరవడి’ వాడండి. వెనకటికి పంతులుగారు పైన ఒక వరస రాసిస్తే, పిల్లవాడు దాన్ని చూసి దిద్దేవాడు. ఆ పై వరస పేరే ఒరవడి. ఇప్పుడు పేపర్లలో ‘కొత్త ఒరవడి సృష్టించారు’ అని రాసి రాసి దాన్ని ట్రెండ్ చేసేశారు. నిజానికి అదీ పూర్తిగా తప్పుకాదు, పదిమంది దిద్దుకోడానికి పైవరస రాసిపెట్టడమే కదా. కానీ రాసిచ్చినవాళ్ల వైపే చూస్తాం, దిద్దేవాళ్లు కనిపించరు. మీ విషయంలో రెండూ చెప్పొచ్చు: ఒరవడి ఆవిడది, దిద్దింది మీరు.

వ్యాఖ్య: దిద్దడం అంటే మక్కికి మక్కి అనుకోరా?

వ్యాఖ్య: శుభలేఖలు, జరీ, అమ్మమ్మ ఫొటో ఆ ఒరవడిలో లేవు కదండీ. పంతులుగారి ‘క’ చూసి దిద్దినా మా ‘క’ కోడికాలులాగే వచ్చేది.

అడిగినవారు: అందరికీ బోలెడు థాంక్స్. పేరు గూడే. వెనకవైపు పెన్సిల్‌తో ఇలా రాశాను: ‘అమ్మమ్మ గూడు. ఒరవడి వేరే ఆవిడది, దిద్దింది నేను.’

మా అమ్మాయి అది చదివి, “ఆవిడ తప్పులన్నీ నువ్వు దిద్దావా అమ్మా?” అంది. ఇప్పుడు రబ్బరు వెతుకుతున్నాను.