రికోటా కరగట్లేదు, లజానియాలో నీళ్లు తేలుతున్నాయి

రాజోలు అమ్మాయి:
అందరికీ నమస్కారమండి. చికాగో వచ్చి రెండు నెలలైంది. శనివారం మా ఆయన ఆఫీసువాళ్లు ఎనిమిది మంది భోజనానికొస్తున్నారు. లజానియా, అదే పాస్తా రేకులు, సాస్, చీజ్ పొరలుగా పేర్చి ఓవెన్‌లో కాల్చేది, చేద్దామని మొన్న ఓసారి చేసి చూశాను. అందులో వేసిన రికోటా చీజ్ అస్సలు కరగలేదు, అడుగున గ్లాసుడు నీళ్లు తేలాయి, కోస్తే ముద్ద ముద్దగా జారిపోయింది. వచ్చేవాళ్లలో ఇద్దరు గుడ్డు కూడా తినరు. చాలా టెన్షన్‌గా ఉందండి.

పాలకొల్లు అక్క:
చెల్లీ, అది కరిగే సరుకు కాదు. పాలు నిమ్మరసంతో విరగ్గొట్టి పనీరు చేస్తాం కదా, కూరలో ఎంత ఉడికినా ముక్క ముక్కలాగే ఉంటుంది. రికోటాదీ ఆ వరసే. ఇటలీలో చీజ్ చేశాక మిగిలిన తేటను మళ్లీ కాచి తీస్తారు, ఆ పేరుకి అర్థమే మళ్లీ కాచింది అని. తీగలా సాగడం మొజరెల్లా చీజ్ పని. రికోటా నుంచి మెత్తదనం ఒక్కటే ఆశించు.

నీళ్ల సంగతికొస్తే, నీ గొడవంతా అక్కడే ఉంది. డబ్బా తెరిచి నేరుగా వేసేశావు కదూ? పల్చటి గుడ్డలో వేసి, పెరుగు మూటకట్టినట్టు కట్టి, చిల్లుల గిన్నెలో పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. పొద్దున కింద గిన్నెలో చేరిన నీళ్లు చూస్తే నీకే తెలుస్తుంది. పాలకూర వేస్తే ఉడికించి గట్టిగా పిండు. పిండానులే అనుకున్నాక ఇంకోసారి పిండు. టమాటా సాస్ గరిటెతో గీస్తే గిన్నె అడుగు కనిపించి, ఆ గీత వెంటనే పూడిపోకూడదు. మొజరెల్లా నీళ్లలో తేలే తెల్ల ఉండలు వద్దు, తేమ తక్కువుండే దిమ్మ కొని ఇంట్లో తురుముకో. తురిమిన ప్యాకెట్లలో అంటుకోకుండా పిండి కలుపుతారు, అంత నున్నగా కరగదు.

పొరలు ఆత్రేయపురం పూతరేకుల్లా పల్చగా వెయ్యి. మూడు పొరల్లో అంతా కుక్కెయ్యకు. 375 ఫారన్‌హీట్‌లో ఫాయిల్ కప్పి అరగంట, తీసేసి ఇంకో పావుగంట. బయటికి తీశాక పావుగంట ముట్టుకోవద్దు. అతిథులు బల్ల దగ్గర కూర్చున్నా సరే, వేడి మీద కోస్తే మళ్లీ జారుతుంది.

రికోటాలో గుడ్డు కలిపేది గట్టిపడడానికే. రికోటాని బాగా వడకడితే గుడ్డు లేకపోయినా నిలబడుతుంది. ఆ ఇద్దరికీ ఇంకో చిన్న ట్రే చెయ్యి, పాస్తా రేకుల్లో కూడా గుడ్డు లేదని అట్ట మీద చూసుకో. ఇంకో మాట, పైన తురిమి చల్లే అసలు పార్మిజానో రెజ్జానో చీజ్‌ని దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో, అంటే పాలు గడ్డకట్టించే సరుకుతో, చేస్తారు. వాళ్ల ట్రేలో అది చల్లకు. మిగతా చీజ్‌ల మీద కూడా వెజిటేరియన్ రెన్నెట్ అనో, మైక్రోబియల్ ఎంజైమ్స్ అనో రాసుందేమో చదువుకో.

భీమవరం తమ్ముడు:
అక్కా, రికోటా దొరక్కపోతే కాటేజ్ చీజ్ మిక్సీలో వేసి వాడొచ్చు. దాంట్లో ఉప్పుంటుంది, సాస్‌లో తగ్గించుకోవాలి. నేను కిందటేడు ఊరొచ్చేశాను, ఇక్కడ రికోటా కనపడదు. గేదె పాలు బాగా వేడిచేసి, వెనిగర్ కొంచెం కొంచెంగా పోసి, తేట విడగానే పొయ్యి కట్టేసి వడకట్టుకుంటున్నాను. పనీరులా బరువు పెట్టి నొక్కకూడదు. నిజం రికోటా కాదు గానీ గేదె పాల వెన్న వల్ల కమ్మగా ఉంటుంది. మా అమ్మ మాత్రం పైన ఎర్రగా వేగిన అంచులే తింటుంది, దిబ్బరొట్టి చెక్కులా ఉందట. మధ్య భాగమంతా నాకే.

రాజోలు అమ్మాయి:
ఆయ్, అయిపోయిందండి! మూటలోంచి దాదాపు అరకప్పు నీళ్లు దిగాయి. పెద్ద ట్రే ముక్కలు చక్కగా నిలబడ్డాయి. చిన్నది తొందరపడి కోసేశాను, కాస్త జారింది. మిగిలింది ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

పాలకొల్లు అక్క:
పెట్టొచ్చు. ముక్కలు కోసి విడివిడిగా ఫాయిల్ చుట్టు. తినే ముందు రోజు రాత్రి కింద ఫ్రిజ్‌లోకి దించుకో.