పైథాన్‌లో ఫిల్టర్ పెడితే "కథ" వస్తోంది, "కథలు" రావట్లేదు, ఎందుకు?

అందరికీ నమస్కారం. ఒక ఫోల్డర్ నిండా తెలుగు పేర్లున్న ఫైళ్లు, మధ్యమధ్యలో ఇంగ్లీషువి కూడా కలిసిపోయాయి, తెలుగువి మాత్రం ఏరుదామని రీజెక్స్‌లో (అంటే అక్షరాల నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) [అ-హ]+ అని రాసి పేరు మొత్తం దానికి సరిపోవాలని పెట్టా. కథ, నవల వచ్చాయి. కథలు, శతకం రాలేదు. అ నుంచి హ దాకా అంటే అన్నీ వచ్చేసినట్టే కదండీ?

—

రావండీ, చిక్కంతా అక్కడే ఉంది. మనకి "లు" ఒకే అక్షరం, కంప్యూటర్లో ప్రతి గుర్తుకీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో మాత్రం ల ఒకటి, కొమ్ము ఇంకోటి, పైగా గుణింతం గుర్తులు, పొల్లు అన్నీ హ తర్వాత ఉంటాయి కాబట్టి మీ గీత దాటిపోయాయి. సున్నా, విసర్గ ఏమో అ కంటే ముందే ఉన్నాయి, అందుకే శతకం కూడా పోయింది. ఒట్టి తలకట్టు పేర్లే మిగులుతాయి మీకు.

పోనీ అక్షరమో అంకో ఏదైనా సరే అని చెప్పే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ పెడదామంటే పైథాన్‌తో వచ్చే మాడ్యూల్ గుణింతం గుర్తుల్ని అక్షరాలుగా లెక్కపెట్టదు, "తెలుగు" ఇస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, గుణింతం లేకుండా తెలుగు ఎక్కడుందండీ! పెర్ల్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో ఈ బాధ లేదు. పైథాన్‌లోనే ఉండాలంటే రీజెక్స్ అనే పేరుతోనే ఉన్న వేరే మాడ్యూల్ విడిగా వేసుకోండి, లేదా యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా తెలుగుకిచ్చిన 128 స్థానాలూ రేంజిలో పెట్టేయండి. "సాఫ్ట్‌వేర్" లాంటి పేర్లలో ట్ కీ వే కీ మధ్య కంటికి కనపడని గుర్తు ఒకటుంటుంది, అది తెలుగు స్థానాల్లో లేదు, 200సీ అని విడిగా కలపాలి.

—

చాలా థాంక్సండీ, పనిచేసింది. మరి రెండక్షరాల పేర్లు ఏరాలంటే రెండు చుక్కలు పెడితే చాలా? రీజెక్స్‌లో చుక్క అంటే ఏదైనా ఒక గుర్తు అనే కదా.

—

చాలదు. "లక్ష్మి" ఛందస్సులో రెండక్షరాలే, చుక్కల లెక్కలో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. అక్షరానికి ప్యాటర్న్ మీరే కట్టుకోవాలి. ఒక హల్లు, దాని వెనక పొల్లు-హల్లు జంట ఎన్నిసార్లైనా, ఆపైన ఉంటే గుణింతం గుర్తో పొల్లో, చివర ఉంటే సున్నానో విసర్గో. అచ్చుతో మొదలైతే అచ్చు, దాని వెనక సున్నా గానీ విసర్గ గానీ. ఈ మొత్తాన్ని బ్రాకెట్లో పెట్టి రెండుసార్లు అనండి, లక్ష్మి వచ్చేస్తుంది.