పోర్షియా వుడ్‌మన్ ఆల్‌టైమ్ గ్రేట్ అనిపించుకోవాలంటే ఫైనల్లో ట్రై ఉండాల్సిందేనా?

లెక్కలమనిషి:
న్యూజిలాండ్ వింగర్ (మైదానం అంచున పరుగెత్తే ప్లేయర్) పోర్షియా వుడ్‌మన్-విక్లిఫ్‌ని మించిన రగ్బీ క్రీడాకారిణి లేదని చాలామంది తేల్చేస్తున్నారు. నేను ఒప్పుకోను. 2017 వరల్డ్ కప్‌లో ఆమె 13 ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనిస్తే ఒక ట్రై) చేసింది, నిజమే. కానీ అందులో 8 ఒక్క హాంకాంగ్ మీదే! ఆ మ్యాచ్ స్కోరు 121-0. పసికూనల మీద పండగ చేసుకుంటే అది గొప్పతనమా? అదే టోర్నీ ఫైనల్లో ఇంగ్లండ్‌ని 41-32తో ఓడించినప్పుడు మూడు ట్రైలు చేసింది ఆమె సహచరి టోకా నటువా. వుడ్‌మన్ ఖాతాలో సున్నా. 2022 ఫైనల్లోనూ సున్నానే.

టచ్‌లైన్:
ఇదే కొలత మగవాళ్లకూ పెట్టండి సార్. పురుషుల వరల్డ్ కప్‌లో జోనా లోమూ, బ్రయన్ హబానా చెరో 15 ట్రైలు చేశారు. లోమూ ఆడిన ఫైనల్ 1995లో, హబానా ఆడిన ఫైనల్ 2007లో. ఆ రెండు మ్యాచుల్లోనూ ఏ జట్టూ ఒక్క ట్రై చేయలేదు, పాయింట్లన్నీ కిక్కుల మీదే వచ్చాయి. అయినా వాళ్ల గొప్పతనాన్ని ఎవరూ శంకించరు. వుడ్‌మన్ 2022 నాటికే 20 ట్రైలతో ఇంగ్లండ్ ప్లేయర్ స్యూ డే పేరిట ఉన్న 19 రికార్డు దాటేసింది. ఆ 20లోంచి హాంకాంగ్ మ్యాచ్ పూర్తిగా తీసేయండి, ఇంకా 12 మిగులుతాయి. ఎంతమందికి ఉన్నాయి అన్ని?

ఇక 2022 ఫైనల్. ఆక్లాండ్ ఈడెన్ పార్క్‌లో న్యూజిలాండ్‌పై ఇంగ్లండ్ 14-0 ఆధిక్యంలో ఉంది. 18వ నిమిషంలో బంతితో దూసుకొస్తున్న వుడ్‌మన్‌ని ఆపబోయి ఇంగ్లండ్ ప్లేయర్ లిడియా థాంప్సన్ తలతో తలను ఢీకొట్టింది. థాంప్సన్‌కి రెడ్ కార్డ్. వుడ్‌మన్ కూడా బయటికి వెళ్లి మళ్లీ రాలేదు. ఇంగ్లండ్ గంటకు పైగా 14 మందితో ఆడి 34-31తో ఓడింది. ఆమె పరుగంటే ప్రత్యర్థికి ఎంత టెన్షనో స్కోరుబోర్డు చెప్పదు.

లెక్కలమనిషి:
దెబ్బ తగలడం ఆమె ప్రతిభ ఎలా అవుతుందండీ? తలకు దెబ్బ తగిలి ఫైనల్ సగంలో వదిలేయాల్సి వచ్చిన అమ్మాయిని చూస్తే నాకు బాధే వేసింది. దాన్ని ఆమె ఘనతల్లో కలపడం మాత్రం సరికాదు.

సెవెన్స్‌వీరాభిమాని:
మీరిద్దరూ ఫిఫ్టీన్స్ (జట్టుకు 15 మంది ఆడే రగ్బీ) దగ్గరే ఆగిపోయారు. ఆమె అసలు ఇల్లు సెవెన్స్. నెట్‌బాల్ ఆడుకుంటున్న అమ్మాయి 2012లో ఇటు వచ్చింది, మరుసటి ఏడాదికే సెవెన్స్ వరల్డ్ కప్ గెలిచింది. అంత పెద్ద మైదానం, జట్టుకు ఏడుగురే, సగానికి 7 నిమిషాలు. పక్కన సాయం వచ్చేవాళ్లుండరు. డిఫెండర్ ఎదురుగా నిలబడ్డాక దాటుతావా, దొరికిపోతావా, అంతే. అక్కడ ఏటా జరిగే వరల్డ్ సిరీస్‌లో 200 ట్రైలు దాటిన మొదటి మహిళ ఆమె.

లెక్కలమనిషి:
రియో 2016 ఒలింపిక్స్ ఫైనల్ కూడా చెప్పండి మరి. ఎల్లో కార్డ్ తెచ్చుకుని రెండు నిమిషాలు బయట కూర్చుంది. ఆస్ట్రేలియా 24-17తో స్వర్ణం ఎత్తుకుపోయింది.

సెవెన్స్‌వీరాభిమాని:
చెప్తాను, దాచడానికేముంది? ఆ తర్వాత 2018లో మడమ వెనకుండే అకిలిస్ స్నాయువు తెగింది. పరుగే బతుకైన వింగర్‌కి అంతకంటే పెద్ద గాయం ఉండదు. అక్కడినుంచి లేచి టోక్యోలో స్వర్ణం, 2024 పారిస్‌లో కెనడాపై 19-12తో మరో స్వర్ణం. రియోలో పోగొట్టుకున్నదాన్ని రెండుసార్లు తిరిగి తెచ్చుకుంది. ఇంతకంటే ఏం చేయాలండీ ఆ మనిషి?

లెక్కలమనిషి:
సరే, సెవెన్స్‌లో ఆమెకు సాటి లేదంటే సంతకం పెడతాను. ఫిఫ్టీన్స్‌లో మాత్రం నా ఓటు ఇంగ్లండ్ ఎమిలీ స్కారట్‌కే. 2014 ఫైనల్లో కెనడాపై 21-9తో గెలిస్తే, అందులో 16 పాయింట్లు ఆమెవే. ట్రై చేసిందీ ఆమే, కిక్కులు కొట్టిందీ ఆమే. వీలైతే ముందు ఆ మ్యాచ్ చూడండి, తర్వాత వాదిద్దాం.