జాజ్ బాస్ గిటార్‌లో పికప్ మార్చాక హమ్ పోవడం లేదు

మాది రాయగడ జిల్లా గుణుపురం. నా పాత జాజ్ బాస్‌లో బ్రిడ్జి వైపు పికప్ (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) పాడైతే, పోయిన ఆదివారం కొత్తది నేనే సోల్డర్ చేశాను. మెడ వైపుండే నెక్ పికప్ పాతదే.

విడివిడిగా రెండూ బాగానే పలుకుతున్నాయి. రెండు వాల్యూములూ ఫుల్ పెడితే మాత్రం మొదట హమ్ (గుయ్‌మనే రొద) లేదు కానీ, రేకు డబ్బా మీద కొట్టినట్టు సన్నటి శబ్దం. కొత్త పికప్ తెల్ల, నల్ల వైర్లు తారుమారు చేశాను. గుండెకు తగిలే ఆ నిండు శబ్దం తిరిగొచ్చింది, ఎంత సంతోషం వేసిందో! కానీ ఇప్పుడు రెండూ ఫుల్‌లో ఉంటే హమ్ గుయ్‌మంటోంది. వాల్యూమ్ పాట్లు (నాబ్‌ల కింది రెసిస్టర్లు) 250 కిలో ఓమ్‌లవి. గ్రౌండ్ కనెక్షన్లు మల్టీమీటర్‌తో చూశాను, బాగున్నాయి.

దిక్సూచి పెడితే రెండు పికప్‌ల అయస్కాంతాలకూ పైవైపు ఒకే ధ్రువం. చిక్కంతా ఇక్కడే అనుకుంటున్నాను. తిప్పి పెడదామని ఆ అయస్కాంతపు రాడ్లు బయటికి తోస్తే, వాటి చుట్టూ ఉన్న వెంట్రుకంత కాయిల్ తీగ తెగుతుందని టెన్షన్.

కాయిల్ తెగకుండా కొత్త పికప్ ధ్రువాన్ని ఇంట్లోనే తిప్పే పద్ధతి ఏదైనా ఉందా అండి?